బొట్టుందా?

"బొట్టు లేని బండి గేటు దాటకూడదు" అనేది ఆ కార్ల షాపు పెట్టిన మామగారి మాట. ఆయన పోయినా మాట పోలేదు. ఆయన చెప్పిన బొట్టు మనుషులది కాదు, బోల్టులది. ఒకరు బోల్టు బిగిస్తారు. రెండోవాళ్ళు వచ్చి, సరిపడా బిగువు రాగానే టిక్కుమనే పొడుగాటి పానాతో మళ్ళీ లాగి చూసి, పసుపు రంగులో అగ్గిపుల్ల ముంచి, బోల్టు తల మీంచి పక్కనున్న ఇనుము మీదికి చిన్న గీత గీస్తారు. బోల్టు రవ్వంత తిరిగినా గీత రెండు ముక్కలై కనబడుతుంది. అది గీతే గానీ, మామగారు బొట్టన్నాడు కాబట్టి షాపులో అందరికీ బొట్టే. బిగించిన చేత్తో బొట్టు పెట్టకూడదు. "కాకిపిల్ల కాకికి ముద్దు. ఎవడు బిగించిన బోల్టు వాడికి గట్టిగానే ఉంటుంది" అనేవాడాయన.

ఇంత కట్టుదిట్టమైన షాపు తయారుచేసిన బండి వెళ్ళి గోడకి కొట్టుకుంది. ఇప్పుడది షాపు వెనక రేకుల కింద టార్పాలిన్ కప్పుకుని పడుంది. దాన్ని నడిపినవాడు షాపుని ఆనుకుని ఉన్న ఇంట్లో, ముందుగదిలో మంచం మీద పడున్నాడు. నడుము కిందికి ఏమీ తెలియదు. గిచ్చినా తెలియదు, సూది గుచ్చినా తెలియదు. మామగారి చిన్నకొడుకు వాడు. ఒకచోట నిలవని మనిషి కాబట్టి చిన్నప్పుడే తూనీగ అని పేరు పడింది. ఇంకా అదే పేరుతో పిలుస్తారు. పిలిచిన ప్రతిసారీ పిలిచినవాళ్ళే తల దించుకుంటారు గానీ, పేరు మార్చడానికి నోరు రావడం లేదు.

ఆసుపత్రిలో కళ్ళు తెరవగానే వాడన్న మొదటి మాట, "తప్పు నాదే. మలుపు దగ్గర బ్రేకు లేటుగా తొక్కాను. దూకుడు."

అందరూ నమ్మారు. ఎందుకు నమ్మరు? పుట్టిన దగ్గర్నుంచీ దూకుడుగానే ఉన్నాడు. అందరికంటే గట్టిగా నమ్మింది వాడి పెళ్ళాం. చిన్నకోడలు ఆసుపత్రిలో నర్సు. పెళ్ళయి ఏడాది తిరగలేదు. మొగుణ్ణి ఇంటికి తెచ్చిన దగ్గర్నుంచీ ఒంటిచేత్తో చేసుకొచ్చింది. పక్క తిప్పడం, ఒళ్ళు తుడవడం, గొట్టాలు మార్చడం, ఒక్కటంటే ఒక్కటి వేళ తప్పనివ్వలేదు. మాట మాత్రం లేదు. నీళ్ళ గ్లాసు నోటికందిస్తూ గోడవంక చూసేది. "నేను వద్దన్నానా? నెమ్మదిగా తిప్పు అన్నానా? నీ సరదాకి నా బతుకు కూడా కట్టుకుపోయావ్" అని ఒక్కసారి, ఒక్కటే ఒక్కసారి అంది. తర్వాత ఆ మాట కూడా లేదు. చివరికి వాళ్ళన్నయ్యకి ఫోను చేసింది. ఆదివారం వచ్చి తీసుకెళ్ళిపొమ్మంది.

ఆ ఫోను మాటలు పెద్దకోడలి చెవిన పడ్డాయి. షాపులో బ్రేకుల పని పెద్దకోడలిది. పెళ్ళయి వచ్చిన కొత్తలో ఆమె కుట్టుమిషను మొత్తం విప్పి, తుడిచి, ఒక్క మర మిగలకుండా బిగించడం చూసి, "ఈ పిల్ల చేతులు వంటింటికి దండగ" అని మామగారే తెచ్చి పానా చేతిలో పెట్టాడు. అప్పట్నుంచీ ఆమె బిగించిన బ్రేకుకి వంక పెట్టినవాడు లేడు. మరిది ఆమెకి కొడుకుతో సమానం. వాడి నోటికి ఆమె ఒక్కతే తూగేది. "వదినా, నీ బ్రేకులు తొక్కితే బండేం ఖర్మ, భూమి కూడా ఆగుతుంది" అనేవాడు. "ముందు నీ నోరు ఆగితే చాలు" అనేది ఆవిడ.

చిన్నకోడలు వెళ్ళిపోతే వాడికిక మిగిలేదేమిటి? పెద్దకోడలు వారమంతా ఇదే ఆలోచించింది. వాడు నిజంగానే లేటుగా తొక్కాడా? తూనీగ ఎంత దూకుడు మనిషైనా, ఆ మలుపు వాడికి అరచేతిలో గీతలాంటిది. కళ్ళకి గంతలు కట్టినా ఎక్కడ తొక్కాలో తెలుసు. ఆ బండి విప్పి చూస్తే సంగతి తేలుతుంది. వాడి తప్పు కాదని తేలితే చిన్నకోడలి కోపానికి కారణమే ఉండదు, ఆగిపోతుంది. కానీ వాడి తప్పు కాకపోతే మరెవరిది? బ్రేకులు ఎవరివి?

ఇన్ని నెలలుగా ఆమె ఆ టార్పాలిన్ అంచు కూడా ఎత్తకపోవడానికి కారణం అదే. భయం. దాచడమెందుకు, ఉట్టి భయం.

ఆ బండి ఒక పళ్ళ డాక్టరుగారిది. నల్లటిది, రెండు సీట్లది, నేలకి అంటుకుపోయినట్టుండేది. వారమంతా మనుషుల నోళ్ళలోకి తొంగిచూసే మనిషి కదా, సెలవురోజైనా కాస్త దూరం చూద్దామని రేసు ట్రాకు మీదికి పోయేవాడు. రోడ్డు మీద రాజాలా తిరిగే బండి ట్రాకు మీద నాలుగు రౌండ్లకే చతికిలబడేది. ఇంజను సెగలు కక్కేది. మలుపుల్లో ఓ పక్కకి ఒరిగిపోయేది. అన్నిటికంటే చెడ్డది బ్రేకు. ఎడాపెడా తొక్కేసరికి చక్రాల దగ్గర డిస్కులు ఎర్రగా కాలి, ఆ వేడికి బ్రేకు ఆయిలు ఉడికిపోయి బుడగలొచ్చేవి. ఆయిలు చక్రాన్ని పట్టుకుంటుంది గానీ గాలి బుడగ పట్టుకోదు. పెడలు దిండు తొక్కినట్టు మెత్తగా కిందికి పోయేది.

"నా ప్రాణాలు మీ చేతుల్లో పెడుతున్నానమ్మా" అన్నాడు డాక్టరుగారు తాళాలిస్తూ.

"మేం మీ దగ్గర నోరు తెరిచినప్పుడు మాదీ అదే పరిస్థితి సార్" అన్నాడు తూనీగ. అందరూ నవ్వారు.

చల్లబరిచే పనీ, కింద స్ప్రింగుల పనీ పెద్దకోడలి మొగుడిది. పెద్దోడంటారు. నోట్లో ముత్యాలున్నట్టు, తెరిస్తే రాలిపోతాయన్నట్టు ఉంటాడు. "ఊఁ" అంటే ఒప్పుకున్నట్టు, అనకపోతే ఆలోచిస్తున్నట్టు. మందపాటి రేడియేటరు కూర్చోబెట్టాడు. ఇంజను ఆయిలుకి విడిగా ఇంకో చిన్న రేడియేటరు పెట్టాడు. ముందు బంపరుకి కన్నాలు కోసి, గొట్టాలు వేసి, ఎదురుగాలి నేరుగా డిస్కుల మీదికి కొట్టేలా చేశాడు. గట్టి స్ప్రింగులు, కొత్త షాక్ అబ్జార్బర్లు వేసి బండిని ఇంకాస్త కిందికి దించాడు. పెద్దకోడలు ఎంత కాలినా పట్టు వదలని ప్యాడ్లు వేసింది, అంత తేలిగ్గా ఉడకని ఆయిలు పోసింది, రబ్బరు గొట్టాలు తీసేసి ఉక్కుతీగ అల్లిన గొట్టాలు వేసింది. ఒక్కో గొట్టాన్ని చక్రం దగ్గర బ్రేకుకి పట్టి ఉంచేది ఒకే ఒక్క బోల్టు. లోపల బోలుగా ఉంటుంది, ఆయిలు దాని గుండానే పోతుంది. ఒకరు బిగించారు, ఒకరు బొట్టు పెట్టారు. రంగు ఆరాకే బండి గేటు దాటింది.

ట్రాకు రోజున చిన్నకోడలు కూడా వచ్చింది. సెలవు దొరికింది, మొగుడు తిప్పుతుంటే చూడాలని ముచ్చటపడింది. షాపు పనిలో వేలు పెట్టడం ఆ పిల్లకి అదే మొదలు. "ఊరికే నిలబడే బదులు ఈ లైటు పట్టుకోవే" అని పెద్దకోడలు చేతిలైటు ఆమెకిచ్చింది.

ముందు తూనీగ తిప్పి చూసి, బాగుందన్నాకే ఎవరి బండైనా వాళ్ళ చేతికిచ్చేది. మొదటి దఫా తిప్పి వచ్చాడు. మొహం వెలిగిపోతోంది. "వేడి లేదు, ఊగుడు లేదు. అన్నయ్యా, మలుపులో పట్టాల మీద పోయినట్టుంది. వదినా, నీదే ఒకటుంది. స్టీరింగు పూర్తిగా తిప్పితే ఎడమ పక్క ఏదో రాసుకుంటున్న చప్పుడు."

చూస్తే ఎడమ ముందు చక్రం గొట్టం. వాలు సరిగ్గా లేదు. పెద్దకోడలు ముందు చక్రాలు విప్పించి, బోల్టు వదులు చేసి, గొట్టాన్ని కాస్త వెనక్కి తిప్పి, చిన్న పానాతో బిగించింది. విప్పింది కాబట్టి గొట్టంలో గాలి చేరి ఉంటుంది, తీయాలి. మరిది సీట్లో కూర్చుని పెడలు తొక్కుతుంటే ఎడమపక్క తీసింది. "ఏమయ్యా, ఎడమ ముందుది లాగి బొట్టు పెట్టు" అని మొగుడికి చెప్పి, కుడిపక్కది కూడా తీసేద్దామని అటు వెళ్ళి నేలమీద పడుకుంది. బంపరు దగ్గర్నుంచి "ఊఁ" అని వినబడింది. ఆ ఊఁ పూర్తయిందో లేదో, డాక్టరుగారు రేడియేటరు చూపిస్తూ ఏదో అడగడానికి పెద్దోణ్ణి పిలిచాడు.

ఇంతలో మళ్ళీ ట్రాకు తెరుస్తున్నామని మైకులో అరిచారు. పక్కన వరసగా బండ్లు. అన్ని ఇంజన్లూ ఒకేసారి రంకెలు వేస్తున్నాయి. చెవులు గింగుర్లెత్తుతున్నాయి. పెద్దకోడలు కుడిపక్క పని ముగించి, బండి కిందనుంచే అవతలికి అరిచింది.

"ఎడమపక్క బొట్టుందా?"

అటుపక్క లైటు పట్టుకుని కూర్చున్న చిన్నకోడలు వంగి చూసింది.

"ఉందక్కా!"

"సరే. చక్రాలెక్కించెయ్యండి."

తర్వాత సంగతి నిలబడి చూసినవాళ్ళకి తెలుసు. మొదటి రౌండు బాగానే వచ్చింది. రెండో రౌండులో ఆ పొడుగాటి దారి చివర మలుపు దగ్గర బండి మెల్లబడలేదు. వెనక చక్రాల్లోంచి కాస్త పొగ లేచింది. అంతే, నేరుగా వెళ్ళింది. ఆ చప్పుడు గురించి పెద్దకోడలు ఎవరితోనూ మాట్లాడలేదు.

*

ఆదివారం పొద్దున టీ తాగిన గ్లాసు పక్కన పెట్టి, ఆమె లేచి వెనక్కి వెళ్ళింది. చిన్న పానా జేబులో వేసుకుంది. పెద్దోడు చూశాడు, ఎక్కడికని అడగలేదు. కాసేపటికి తనూ వెనకే వచ్చి రేకుల గుంజని ఆనుకుని నిలబడ్డాడు.

టార్పాలిన్ లాగితే మట్టి, ఎండుటాకులు జలజల రాలాయి. ఎడమ మూల మొత్తం నుజ్జయింది. చక్రం లోపలికి మడతబడి ఉంది. అయినా బ్రేకు భాగం విరక్కుండా గొట్టానికే వేలాడుతోంది. పెద్దకోడలు బోర్లా పడుకుని మొహం దగ్గరికి పెట్టింది.

బొట్టు కనబడింది. పాతది. షాపులో పెట్టింది. బోల్టు తల మీద ఒక ముక్క, పక్క ఇనుము మీద ఒక ముక్క. ఒకదానికొకటి పెడమొహం పెట్టుకుని ఉన్నాయి. ఆ రోజు ట్రాకు దగ్గర ఆవిడ విప్పి బిగించాక పెట్టాల్సిన కొత్త బొట్టు ఎక్కడా లేదు. అసలు పెట్టనే లేదు.

బోల్టు కిందనుంచి బ్రేకు భాగం మీద రంగు పొరలు పొరలుగా లేచిపోయి ఉంది. బ్రేకు ఆయిలుకి రంగుని తినేసే గుణముంది. అది కారిన దారంతా పుండులా కనబడుతోంది. పానా పెట్టి చిన్నగా తోసింది. బోల్టు వదులుగా, ఏ బలమూ అక్కర్లేకుండా తిరిగింది. తొక్కినకొద్దీ ఆయిలు అక్కణ్ణించే పోయింది. ముందు బ్రేకులు చచ్చాయి. మిగిలినవి వెనకవి. ఆ వేగానికి అవి ఏ మూలకి?

మరిది తప్పు కాదు. ఆ ఒక్క మాటకి ముందు ఆమె గుండె తేలికైంది. పాడు గుండె, తేలికవ్వాల్సిన చోటు అదా? మరుక్షణం ఒళ్ళంతా మండింది. తను అడగలేదా? గొంతు చించుకుని అడిగింది. ఉందక్కా అని చెవులారా వింది. చూడకుండా చెప్పింది ఆ పిల్ల! లైటు చేతిలో పెట్టుకుని, వంగి చూడ్డానికి బద్ధకించి, నోటికొచ్చింది వాగింది. పైగా ఇన్నాళ్ళూ మంచం మీది మనిషిని చూపుల్తో పొడుచుకు తింది!

నూనె చేతులు కడుక్కోకుండానే ఇంట్లోకి వెళ్ళింది. పెద్దోడు "ఆగు" అన్నాడు. ఆగలేదు.

చిన్నకోడలు నడిమిగదిలో నేలమీద కూర్చుని సూట్‌కేసులో బట్టలు సర్దుతోంది. ముందుగది తలుపు ఓరగా తెరిచి ఉంది.

"ఏమే, ఆ రోజు నేను బొట్టుందా అనడిగితే ఏమన్నావు?"

చిన్నకోడలు తలెత్తింది. "ఏ రోజు?"

"ఏ రోజంటావేంటే? మన కొంపలు మునిగిన రోజు!"

"ఉందన్నాను."

"కళ్ళతో చూసి చెప్పావా, నోటికొచ్చింది వాగావా?"

"అక్కా, ఎందుకలా అరుస్తావు? చూసే చెప్పాను. లైటు పెట్టి మరీ చూశాను."

"అబద్ధాలాడకు! ఇప్పుడే చూసొచ్చాను. అక్కడ బొట్టూ లేదు, నా మొహమూ లేదు!"

"ఇప్పుడెందుకుంటుంది?" అంది ఆ పిల్ల, నిజంగానే అర్థంకాక. "అప్పుడుంది. బోల్టు కిందే వేలాడుతూ ఉంది. నేను వేలితో తుడిచాను కూడా. మళ్ళీ వచ్చింది."

పెద్దకోడలు తలుపు పట్టుకుంది.

"ఏం మళ్ళీ వచ్చింది?"

"బొట్టు. ఆయిలు బొట్టు."

ఎద్దు ఈనిందంటే దూడని కట్టెయ్యమన్నవాడి సామెత చెప్పుకుని లోకమంతా నవ్వుతుంది. ఆ గదిలో నవ్వడానికి ఎవరున్నారు? పెద్దకోడలు తలుపు వదిలి అక్కడే నేలమీద కూర్చుంది.

"కారుతోందని చెప్పొచ్చు కదే" అంది. ఈసారి అరవలేదు.

"నువ్వు కారుతోందా అనలేదు కదా. బొట్టుందా అన్నావు." చిన్నకోడలు మొహంలో రంగు మెల్లగా దిగిపోతోంది. ఏదో తప్పు జరిగిందని తెలుస్తోంది, ఎక్కడో ఇంకా తెలియడం లేదు. "వార్డులో మేం రోజూ అడిగేది అదేగా. సెలైను పెట్టాక బొట్టు పడుతోందా అంటారు. పడుతోందంటే లైను బాగున్నట్టు, పడకపోతేనే గొడవ. నువ్వు కూడా గాలి తీసి ఆయిలు ఎక్కిస్తున్నావు. బొట్టొచ్చిందంటే బాగా ఎక్కిందనుకున్నా. చెప్పాను. నువ్వు సరే అన్నావు." ఆగింది. "అక్కా, నువ్వడిగింది ఏ బొట్టు?"

పెద్దకోడలు చెప్పింది. రెండు మాటల్లో అయిపోయింది. పసుపు రంగు, అగ్గిపుల్ల, గీత.

"రంగా?" అంది చిన్నకోడలు. "రంగుని బొట్టంటారా మీరు?"

ముందుగదిలోంచి నవ్వు వినబడింది. మొదట చిన్నగా, తర్వాత ఆపుకోలేనట్టు. నెలల తర్వాత ఆ ఇంట్లో తూనీగ నవ్వడం అదే. ఇద్దరూ తలుపు తోసుకుని వెళ్ళేసరికి వాడు తలగడ మీద తల అటూ ఇటూ ఊపుతూ నవ్వుతున్నాడు, కళ్ళవెంట నీళ్ళు కారి చెవుల్లోకి పోతున్నాయి.

"బాగుంది వదినా! అది చూసింది. చెప్పింది. నువ్వు విన్నావు, అన్నయ్య విన్నాడు, సీట్లో కూర్చుని నేనూ విన్నాను. ఇంట్లో ఒక్కళ్ళకీ తెలుగు రాదు!"

నవ్వు దగ్గులోకి దిగింది. చిన్నకోడలు అలవాటుకొద్దీ వెళ్ళి వాడి భుజం ఎత్తి పట్టుకుంది. దగ్గు తగ్గాక కూడా చెయ్యి తీయలేదు.

"నీకు తెలుసా?" అంది.

వాడు పైకప్పు వంక చూశాడు.

"నిన్నే అడిగేది. బ్రేకు పడలేదని నీకు తెలుసా?"

"తొక్కినవాడికి తెలీదా? పెడలు నేలకి అంటుకుంది. మళ్ళీ తొక్కితే అదీ లేదు."

"మరి లేటుగా తొక్కానని ఎందుకు చెప్పావ్?"

"బ్రేకులు వదినవి" అన్నాడు వాడు, పిల్లలకి చెప్పినట్టు. "నా కాళ్ళెలాగూ పోయాయి. బోల్టు వదిలేసిందని తెలిస్తే వదిన చేతులు కూడా పోతాయి. మళ్ళీ జన్మలో పానా పట్టుకోదు. ఒక్క ప్రమాదానికి అన్ని అవయవాలు ఎందుకని."

పెద్దకోడలు కొంగు నోటికడ్డం పెట్టుకుంది. ఏడుపు ఆగలేదు. ఆగాలని కూడా ఆమె అనుకోలేదు. కొడుకులాంటివాడు, తన కోసం పెళ్ళాం చేత రోజూ ఉమ్మించుకున్నాడు. తనేమో భయపడి ఆ టార్పాలిన్ ఎత్తకుండా కూర్చుంది. మొదటి వారమే ఎత్తి ఉంటే!

"తప్పు నాది" అంది. "ఎవరు ఏమన్నా, లేచి అటుపక్కకెళ్ళి నా కళ్ళతో చూసుకోవాల్సింది. నాలుగడుగులు వెయ్యడానికి నాకేమొచ్చింది?"

"నాదీ" అన్నాడు గుమ్మం దగ్గర్నుంచి పెద్దోడు. అందరూ అటు తిరిగారు. "పెట్టమంది నన్ను. డాక్టరు పిలిస్తే పోయాను. వచ్చేసరికి ఉందని వినబడింది. నేను పెట్టలేదు కాబట్టి తమ్ముడు దిగి పెట్టాడనుకున్నా. చక్రం ఎక్కించింది నేనే." ఆ మనిషి ఒక్క ఊపిరిలో అన్ని మాటలు అనడం ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ వినలేదు.

తప్పు పంచుకోవడానికి ఒక్కొక్కరే ముందుకొచ్చారు. పంచుకుంటే తరిగేదైతే ఎంత బాగుండేది! చిన్నకోడలు మాత్రం ఎవరి మాటా వింటున్నట్టు లేదు. తన కుడిచేతి చూపుడువేలు చూసుకుంటోంది.

"నేను తుడిచాను" అంది. "మళ్ళీ వచ్చింది. మళ్ళీ తుడిచాను. జిడ్డుగా ఉంటే చున్నీకి రాసుకున్నాను." మొగుడి వంక తిరిగింది. "రోజూ నిన్ను లోపల్లోపల తిట్టుకుంటూ ఒళ్ళు తుడిచాను."

"తెలుసు. చెయ్యి గట్టిగా పడేది."

"తెలిసేదా?"

"నడుము పైన తెలుస్తుందిగా" అన్నాడు వాడు నవ్వబోతూ. ఆ పిల్ల నవ్వలేదు. వాడి భుజం కిందనుంచి చెయ్యి మెల్లగా లాక్కుంది.

బయట హారను మోగింది. వాళ్ళన్నయ్య.

పెద్దకోడలు కళ్ళు తుడుచుకుని గబగబా లేచింది. "నే వెళ్ళి చెప్తాను. భోంచేసి వెళ్ళమంటాను. పాపం అంతదూరం వచ్చాడు, ఏదోకటి చెప్పి పంపేద్దాం. ఇప్పుడింక నువ్వు వెళ్ళడమెందుకు?"

చిన్నకోడలు మంచం దగ్గర్నుంచి కదిలింది. నడిమిగదిలోకి వెళ్ళి, మిగిలిన బట్టలు మడతపెట్టి, సూట్‌కేసు మూసింది. తాళం వేసింది. తర్వాత పెద్దకోడల్ని చెయ్యి పట్టుకుని మంచం దగ్గరికి తీసుకొచ్చి, వార్డులో డ్యూటీ మారేటప్పుడు ఒక నర్సు ఇంకో నర్సుకి అప్పజెప్పినట్టు అన్నీ అప్పజెప్పింది. ఎటు తిప్పి పడుకోబెట్టాలో, వీపు మీద ఎర్రబడిన చోటు ఎక్కడుందో, అక్కడ ఏ మందు రాయాలో, ఉచ్చసంచి ఎలా మార్చాలో, జ్వరం వస్తే ముందు ఏం చూడాలో. పెద్దకోడలు తలూపుతూనే ఉంది, ఒక్క ముక్క ఎక్కలేదు.

"ఇంకోసారి చెప్పవే" అంది.

చిన్నకోడలు ఇంకోసారి చెప్పింది. "అర్థమైందా అని అడగను" అంది చివర. "నువ్వే తిరిగి చెప్పు. నీకేం అర్థమైందో చెప్పు అని అడిగితేనే తెలిసేది."

పెద్దకోడలు తడబడుతూ తిరిగి చెప్పింది. ఒకచోట తప్పు చెబితే చిన్నకోడలు సరిదిద్దింది. ఆ పిల్ల అంతసేపు ఆ మంచం పక్కన మాట్లాడటం ఇన్ని నెలల్లో అదే మొదలు.

మళ్ళీ హారను మోగింది.

"వెళ్తున్నావా?" అన్నాడు తూనీగ.

"ఊఁ."

"నాకు నీ మీద కోపం లేదే. ఒట్టు. ఆవగింజంత కూడా లేదు."

"అదే" అంది చిన్నకోడలు. ఇన్నాళ్ళకి వాడి మొహంలోకి సూటిగా చూసింది. "కోపముంటే ఉండిపోయేదాన్ని. ఇన్నాళ్ళూ నా కోపమే నాచేత చేయించింది. ఇప్పుడు నిన్ను ముట్టుకుంటే ఈ వేలు తప్ప ఇంకేం కనబడదు నాకు."

వాడు చెయ్యి చాపాడు. అందేంత దూరంలోనే ఉంది ఆ పిల్ల. దుప్పటి సరిచేసి, నీళ్ళ గ్లాసు వాడి చేతికందే చోటికి జరిపి, బయటికొచ్చేసింది.

సూట్‌కేసు పెద్దోడు తెచ్చాడు. పెద్దకోడలు గేటు దాకా వెనకే వెళ్ళింది. ఆగు అనడానికి నోరు తెరిచింది గానీ, ఏ మొహం పెట్టుకుని అంటుంది? వాళ్ళన్నయ్యకి ఈ గొడవేమీ తెలియదు. ఎండలో నిలబడి నిలబడి విసిగిపోయి ఉన్నాడు. సూట్‌కేసు డిక్కీలో పెట్టి, మూత మీద చెయ్యి వేసి ఆగాడు.

"ఇంకేమైనా ఉందా?" అన్నాడు చెల్లెల్ని.

చిన్నకోడలు పెద్దకోడలి వంక చూసింది. పెద్దకోడలు ఒక అడుగు ముందుకేసింది.

"ఏమీ లేదన్నయ్యా."

అతను డిక్కీ వేశాడు.